రహదారికి ఎవరి పేరు?

మన దేశంలో రహదారులకు పేర్ల కొరత ఎన్నడూ లేదు. హైదరాబాదులో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు సాగే 11.6 కిలోమీటర్ల పైవంతెన మార్గం మాజీ ప్రధాని పి.వి. నరసింహారావు పేర ఉన్నది. నగరాన్ని చుట్టివచ్చే 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారికి నెహ్రూ పేరు పెట్టారు. ముంబాయి-పుణె ఎక్స్‌ప్రెస్ మార్గం యశ్వంతరావు చవాన్ స్మారకమైతే, 701 కిలోమీటర్ల ముంబాయి-నాగపూర్ సమృద్ధి మార్గం బాల్ థాకరే స్మారకం. నాయకులను స్మరించుకోవడాన్ని ఎవరూ ఆక్షేపించరు. అయితే ఆ దారుల మీదనే ఏటా వేల సంఖ్యలో నేలకొరుగుతున్న సామాన్యుల పేర్లు మాత్రం మరునాటి పత్రికలో రెండు వాక్యాల వార్తకు మించి ఎక్కడా నిలవడం లేదు. వారు మరణించిన చోట నాలుగు రోజులు గాజుపెంకులు మెరుస్తాయి. తరువాత వాన వస్తుంది, ఆ గుర్తూ చెరిగిపోతుంది.

ఈ లోటును పూడ్చే సంప్రదాయం ఒకటి అమెరికాలో ఉన్నది. అక్కడ అనేక రాష్ట్రాల శాసనసభలు ప్రత్యేక తీర్మానాల ద్వారా రహదారిలో కొంత భాగాన్ని మృతుల స్మారకంగా ప్రకటిస్తాయి. విధి నిర్వహణలో మరణించిన పోలీసులు, సైనికులతో పాటు రోడ్డు ప్రమాదాల్లో మరణించిన సాధారణ పౌరుల పేర్లు కూడా ఈ ఫలకాల మీద కనిపిస్తాయి. వాహనం నడుపుతూ సెల్‌ఫోన్ చూసిన డ్రైవరు కారణంగా బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు, ఆ మరణం మరొకరికి హెచ్చరిక కావాలని చట్టసభల చుట్టూ తిరిగి సాధించుకున్న స్మారకాలు వీటిలో ఉన్నాయి. ఫ్లారిడా రాష్ట్రంలో రవాణా శాఖే, ప్రమాదం జరిగిన చోట మృతుని పేరుతో పాటు జాగ్రత్తగా నడపండి అనే మాట గల చిన్న గుండ్రని ఫలకాన్ని నెలకొల్పుతుంది.

పరధ్యానంతో వాహనం నడిపేవారి వల్ల బలైపోయినవారి స్మృతికి మన దేశంలోనూ కొన్ని రహదారి భాగాలను అంకితం చేయాలన్న ఆలోచన పరిశీలించదగినది. ఇంకో శంకుస్థాపనకూ, ఇంకో శిలాఫలకానికీ అవకాశం దొరికిందని సంబరపడేవారి చేతిలో పడితే మాత్రం ఇది కూడా పేరు గొప్ప ఊరు దిబ్బ చందంగా ముగుస్తుంది. కాబట్టి పేరు పెట్టడానికి ముందే, ఆ పేరు ఎందుకో, ఆ పేరు వెంట ఏ బాధ్యత వస్తుందో తేల్చుకోవడం అవసరం.

ముందుగా ఈ సమస్య ఎంతటిదో చూద్దాం. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది మరణించారు. అంటే రోజుకు దాదాపు 462 మంది, గంటకు 19 మంది చొప్పున అన్నమాట. 2023లో ఈ సంఖ్య 1.72 లక్షలు దాటింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 2022లో పదిహేను వేల మందికి పైగా మరణించారు. దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారుల వాటా రెండు శాతం మాత్రమే. మరణాల్లో మాత్రం ఆ ఏడాది వాటి వాటా 36 శాతం. ఏ విమానమైనా ఒకటి కూలితే దేశమంతా ఉలిక్కిపడుతుంది, పార్లమెంటు స్తంభిస్తుంది, విచారణ సంఘం ఏర్పడుతుంది. రోజుకు రెండు మూడు విమానాల్లో పట్టేంత మంది రోడ్ల మీద మరణిస్తున్నా, ఒక్కొక్కరుగా, వేర్వేరు చోట్ల మరణిస్తున్నారు గనుక ఎవరికీ పట్టడం లేదు.

ఇక పరధ్యానం సంగతి. వాహనం నడుపుతూ సెల్‌ఫోన్ వాడడం వల్ల 2022లో 7,558 ప్రమాదాలు జరిగాయని, 3,395 మంది మరణించారని అదే మంత్రిత్వ శాఖ నివేదిక తెలిపింది. రోజుకు తొమ్మిది మందికి పైగా. మొత్తం మరణాల్లో ఇది రెండు శాతం. అతివేగం పద్దు కింద చూపిన 71 శాతంతో పోల్చితే ఇది స్వల్పమే కదా అని ఎవరికైనా అనిపించవచ్చు. కాని ఈ అంకెను నమ్మడానికి ముందు అది ఎలా తయారవుతున్నదో తెలుసుకోవాలి. ప్రమాద స్థలానికి చేరిన పోలీసు అధికారికి కంటికి కనిపించేది నుజ్జయిన వాహనం, టైర్ల గుర్తులు, రక్తపు మడుగు. ఆ క్షణంలో డ్రైవరు కళ్లు ఎక్కడ ఉన్నాయో చెప్పే సాక్షి ఉండడు. బతికి బయటపడిన డ్రైవరు తాను ఫోన్ చూస్తున్నానని ఒప్పుకోడు. మరణించినవాడు చెప్పలేడు. కాల్ వివరాలు తెప్పించి, సమయాన్ని సరిపోల్చి చూసే ఓపిక, తీరిక మన పోలీసు స్టేషన్లలో ఎన్నింటికి ఉన్నాయి? అందువల్ల ఎక్కువ భాగం కేసులు అతివేగం, అజాగ్రత్త అనే రెండు మాటలతో ముగిసిపోతాయి.

అమెరికాలో 2022లో పరధ్యానం కారణంగా 3,308 మంది మరణించినట్లు అక్కడి జాతీయ రహదారి భద్రతా సంస్థ లెక్కగట్టింది. అది అక్కడి మొత్తం రోడ్డు మరణాల్లో దాదాపు ఎనిమిది శాతం. ఆ లెక్కలో సెల్‌ఫోనే గాక ఇతర పరధ్యానాలూ ఉన్నాయన్నది నిజమే. అయినా ఈ అంకె సైతం వాస్తవం కంటే తక్కువేనని అక్కడి నిపుణులు అంటున్నారు. ఫోనుకు అతుక్కుపోవడంలో మనం ఎవరికీ తీసిపోమని ఏ కూడలిలోనైనా ఐదు నిమిషాలు నిలబడి చూసినవారికి తెలుసు. అటువంటప్పుడు మన రెండు శాతం, వారి ఎనిమిది శాతం మధ్య తేడాకు కారణం మన డ్రైవర్ల ఏకాగ్రత అనుకుంటే అంతకు మించిన ఆత్మవంచన ఉండదు. తేడా ఉన్నది లెక్క రాసే పద్ధతిలో. లెక్కకు ఎక్కని మరణానికి నివారణ ఉండదు.

తెలుగులో ఏమరుపాటు అనే మంచి మాట ఉన్నది. కన్ను, చేయి, మనసు మూడూ ఒకచోట లేకపోవడమే ఏమరుపాటు. ఫోనులో వచ్చిన సందేశం చదివే డ్రైవరు విషయంలో ఈ మూడూ ఒకేసారి రోడ్డును విడిచిపెడతాయి. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం సెకనుకు 25 మీటర్లు కదులుతుంది. ఒక సందేశం చదవడానికి ఐదు సెకన్లు పడుతుందనుకుంటే, 125 మీటర్ల దూరం ఆ వాహనం కళ్లు మూసుకుని పరుగెత్తినట్లే. మన రహదారుల మీద ఆ 125 మీటర్లలో ఏమేమి ఉండగలవో వేరే చెప్పాలా? దీపాలు లేని ట్రాక్టరు ట్రాలీ, ఎదురుదిశలో వచ్చే మోటారు సైకిలు, డివైడరు సందులోంచి దాటే పశువు, తలపై గడ్డిమోపుతో రోడ్డు దాటే మనిషి. వీటిలో ఏదైనా ఉండవచ్చు. తరచుగా అన్నీ ఉంటాయి.

చేతిలో ఫోన్ పట్టుకోకుండా, చెవికి తగిలించుకుని మాట్లాడితే ప్రమాదం లేదన్న భ్రమ మనలో బలంగా ఉన్నది. ఇది ఈనాటి చర్చ కాదు. కెనడాకు చెందిన ఇద్దరు పరిశోధకులు 1997లోనే న్యూ ఇంగ్లండ్ వైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, ఫోన్‌లో మాట్లాడుతున్నప్పుడు ప్రమాదావకాశం దాదాపు నాలుగింతలు పెరుగుతుందని తేల్చారు. చేతులు ఖాళీగా ఉంచే సాధనాల వల్ల అదనపు రక్షణ ఏదీ కనిపించలేదని కూడా వారు అప్పుడే చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే హెచ్చరికను పదేపదే వినిపిస్తున్నది. పక్క సీట్లో కూర్చున్న మనిషికి ఎదురుగా లారీ కనిపిస్తే మాట ఆపుతాడు. ఫోనులో అవతలి మనిషికి ఆ లారీ కనిపించదు.

ఏమరుపాటుకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో గుర్తుచేసే ఘటనలు మనకు దూరంలో లేవు. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న బడి బస్సును నాందేడ్-సికింద్రాబాద్ ప్యాసింజరు ఢీకొన్నది. బస్సులోని చిన్నారులు పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ సమయంలో డ్రైవరు ఫోనులో మాట్లాడుతున్నాడని నాడు వార్తలు వెలువడ్డాయి. 2018 ఏప్రిల్ 26న ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్‌లో అటువంటి గేటు వద్దనే బడి వ్యానును రైలు ఢీకొని 13 మంది పిల్లలు మరణించారు. డ్రైవరు చెవిలో ఇయర్‌ఫోన్లు ఉన్నట్లు అక్కడి అధికారులు ప్రాథమికంగా చెప్పారు. రెండు చోట్లా పరధ్యానం డ్రైవరుది. ప్రాణం పోయింది పలకాబలపం పట్టిన పిల్లలది.

ఈ విషాదాల తరువాత జరిగిన ఒక మంచి పని ఇక్కడ చెప్పుకోవాలి. దేశంలో బ్రాడ్‌గేజ్ మార్గాలపై కాపలా లేని గేట్లన్నింటినీ 2019 జనవరి నెలాఖరుకు రైల్వే శాఖ తొలగించింది. కొన్నిచోట్ల కాపలాదారులను నియమించారు, కొన్నిచోట్ల వంతెనలు కట్టారు, మరికొన్ని చోట్ల గేట్లనే మూసివేశారు. మాసాయిపేట పిల్లలకు, కుశీనగర్ పిల్లలకు అదే అసలైన స్మారకమని చెప్పవచ్చు. మనిషి పొరపాటు చేస్తాడు, కాబట్టి పొరపాటు ప్రాణాంతకం కాకుండా దారిని మార్చాలి అన్న సూత్రాన్ని రైల్వే శాఖ కొంత ఆలస్యంగానైనా ఆచరించింది. రోడ్ల విషయంలో ఆ వివేకం ఇంకా రావలసి ఉన్నది.

పొరుగున ఉన్న బంగ్లాదేశ్ అనుభవం ఈ సందర్భంలో గమనార్హం. అక్కడి ప్రసిద్ధ సినీ నటుడు ఇలియాస్ కాంచన్ 1993 అక్టోబరు 22న రోడ్డు ప్రమాదంలో భార్యను పోగొట్టుకున్నారు. ఆయన దుఃఖాన్ని ఇంట్లో దాచుకోకుండా, మాకు భద్రమైన రోడ్లు కావాలి అన్న నినాదంతో ఒక ఉద్యమాన్ని ఆరంభించారు. ఇరవై నాలుగేళ్ల తరువాత, 2017లో, ఆ అక్టోబరు 22ను జాతీయ రోడ్డు భద్రతా దినంగా ఆ దేశ ప్రభుత్వం పాటించనారంభించింది. చిత్ర దర్శకుడు తారిక్ మసూద్, టెలివిజన్ పాత్రికేయుడు మిషుక్ మునీర్ 2011 ఆగస్టు 13న మానిక్‌గంజ్ జిల్లాలో రోడ్డు ప్రమాదంలో మరణించారు. వారు ప్రయాణించిన వాహనపు శిథిలాలనే ఢాకా విశ్వవిద్యాలయం ప్రాంగణంలో స్మారకంగా నిలిపారు. పాలరాతి విగ్రహం చెప్పలేని మాటను నలిగిన ఆ ఇనుము చెబుతున్నది. 2018 జూలై 29న ఢాకాలో బస్సు ఢీకొని ఇద్దరు విద్యార్థులు మరణించినప్పుడు వేలాది బడిపిల్లలు రోడ్ల మీదికి వచ్చి, మంత్రుల వాహనాలను సైతం ఆపి లైసెన్సులు అడిగారు. ఆ ఏడాదే కొత్త రోడ్డు రవాణా చట్టం వచ్చింది. ఆ చట్టం ఎంతవరకు అమలైందన్నది వేరే సంగతి. మృతుల స్మృతి ప్రభుత్వాలను కదిలించగలదని మాత్రం ఆ ఉదంతం నిరూపించింది.

మన దేశంలోనూ స్మృతికి ఆ బలం లేకపోలేదు. కాకపోతే పేరున్నవారు మరణించినప్పుడే ప్రభుత్వాలలో చలనం కనిపించడం మనకు అలవాటైంది. రాజేశ్ పైలట్ 2000లో, ఎర్రన్నాయుడు 2012లో, గోపీనాథ్ ముండే 2014లో, నందమూరి హరికృష్ణ 2018లో రోడ్ల మీదనే అకాల మృత్యువు పాలయ్యారు. ముండే మరణం తరువాత కొత్త రోడ్డు భద్రతా చట్టం గురించి ఢిల్లీలో హడావుడి జరిగింది. పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ వద్ద మరణించాక వెనుక సీటులో బెల్టు గురించి దేశమంతా చర్చ సాగింది. ఆ చర్చ మంచిదే. కాని 2022లో మరణించిన లక్షా అరవై ఎనిమిది వేల పైచిలుకు మందిలో మిస్త్రీ ఒకరు. మిగిలినవారి గురించి ఏ చర్చ జరిగింది? సామాన్యుల స్మృతికి రహదారిని అంకితం చేయాలన్న ప్రతిపాదనలోని న్యాయం ఇక్కడే ఉన్నది.

అయితే ఫలకాలతోనే పని జరుగుతుందని భావించేవారు ఒక హెచ్చరికను తెలుసుకోవాలి. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఆ ఏడాది రోడ్డు ప్రమాదాల్లో ఎంతమంది మరణించారో తెలిపే అంకెను రహదారుల మీది విద్యుత్ ఫలకాలపై నెలలో ఒక వారం పాటు చూపే పద్ధతిని 2012లో ప్రవేశపెట్టారు. డ్రైవర్లు భయపడి జాగ్రత్తగా నడుపుతారన్నది ఉద్దేశం. జరిగింది వేరు. ఆ అంకెలను చూపిన వారాల్లో, ఫలకం దాటాక పది కిలోమీటర్ల దూరంలో ప్రమాదాలు సుమారు 4.5 శాతం పెరిగినట్లు 2022లో సైన్స్ పత్రికలో వెలువడిన పరిశోధన తెలిపింది. మరణాల సంఖ్య చదివిన డ్రైవరు మనసు ఆ ఆలోచనలోనే చిక్కుకుని, రోడ్డును విడిచిపెట్టిందని పరిశోధకులు భావించారు. పరధ్యానాన్ని మాన్పడానికి పెట్టిన ఫలకమే పరధ్యానానికి కారణమైతే అంతకంటె విపరీతం ఏముంటుంది?

ఈ ప్రమాదం మనకు కొత్తది కాదు. రోడ్డు పక్కన వాహన చోదకుల దృష్టిని మరల్చి ప్రమాదాలకు తావిచ్చే ప్రకటన బోర్డులను తొలగించాలని ఢిల్లీ అధికారులను సుప్రీంకోర్టు 1997లోనే ఆదేశించింది. నేటికీ మన నగరాల్లో ప్రతి మలుపులోను నిలువెత్తు ప్రకటనలు, పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీలు, కళ్లు చెదిరే విద్యుత్ తెరలు దర్శనమిస్తూనే ఉన్నాయి. డ్రైవరు చేతిలోని ఐదంగుళాల తెరకు జరిమానా వేసే ప్రభుత్వమే, రోడ్డు పక్కన నలభై అడుగుల తెరకు అనుమతి ఇచ్చి రుసుము వసూలు చేసుకోవడంలోని వైరుధ్యాన్ని ఎవరు ప్రశ్నించాలి? స్మారక రహదారి అంటూ పెడితే, దాని మీద అటువంటి ప్రకటన ఒక్కటి కూడా ఉండరాదన్నది మొదటి నిబంధన కావాలి.

ఫలకాన్ని ఉపయోగకరంగా మలచిన ఉదాహరణ కూడా ఉన్నది. న్యూయార్కు రాష్ట్రం 2013లో రహదారుల వెంట ఉన్న విశ్రాంతి స్థలాలను, వాహనాలు నిలుపుకునే చోట్లను గుర్తించి, సందేశం చూసుకోవలసినవారు అక్కడ ఆగి చూసుకోవచ్చునని 91 చోట్ల ఏర్పాటు చేసింది. ఫలానా దూరంలో అటువంటి చోటు ఉన్నదని తెలిపే ఫలకాలు 298 పెట్టింది. చేయవద్దని చెప్పి ఊరుకోక, ఎక్కడ చేయవచ్చునో చూపింది. మన జాతీయ రహదారుల మీద ఫోన్ వస్తే బండిని సురక్షితంగా పక్కకు తీసి ఆపుకునే చోటు ఎన్ని కిలోమీటర్లకు ఒకటి ఉన్నది? ఆపితే వెనుక నుంచి వచ్చే లారీ ఢీకొంటుందన్న భయం. ఆపకపోతే ముందున్న లారీని తాను ఢీకొనే ప్రమాదం. సామాన్యుడు ఈ రెండింటి మధ్య నలుగుతున్నాడు.

చట్టం విషయానికి వస్తే, అది లేదని చెప్పడానికి వీలు లేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షను, చేతిలో పట్టుకునే సమాచార సాధనాన్ని వాడుతూ వాహనం నడపడాన్ని ప్రమాదకర డ్రైవింగుగా స్పష్టంగా పేర్కొన్నది. మొదటిసారి నేరానికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు గాని, వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల జరిమానా గాని, లేదా రెండూ గాని విధించవచ్చు. రోడ్డు భద్రతపై సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ రాధాకృష్ణన్ కమిటీ, ఇటువంటివారి లైసెన్సును కనీసం మూడు నెలలు నిలిపివేయాలని 2015లోనే రాష్ట్రాలను ఆదేశించింది. దారి తెలుసుకోవడానికి మాత్రం, డ్రైవరు ఏకాగ్రత చెడని రీతిలో ఫోనును వాడవచ్చునని 2020 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చిన నిబంధనలు వెసులుబాటు ఇచ్చాయి. వెసులుబాటు సమంజసమే. కాని దారి చూపే తెర మీదనే సందేశాలు, చిత్రాలు, క్రికెట్ స్కోర్లు కూడా మెరుస్తుంటే ఏది దారి, ఏది దారి తప్పించేది అన్న విచక్షణ ఎవరు చేయాలి? కూడలిలో నిలబడిన కానిస్టేబులు శిరస్త్రాణం లేని తలను ఫొటో తీయగలడు. రహదారి మధ్యలో నూరు కిలోమీటర్ల వేగంతో పోయే కారులో ఒడిలో దాచిన ఫోనును చూడలేడు.

అంతేకాదు, ఫోన్ ఎత్తినవాడిని మాత్రమే దోషిగా నిలబెట్టడం సగం న్యాయమే అవుతుంది. ఫోన్ చేసేది ఎవరు? సరుకు ఎంతవరకు వచ్చిందని గంటకోసారి ఆరా తీసే లారీ యజమాని. పది నిమిషాల్లో భోజనం అందకపోతే ఫిర్యాదు చేసే వినియోగదారు. వాహనం కదులుతుండగానే కొత్త ఆర్డరును తెరమీదకు పంపి, కొన్ని సెకన్లలో ఒప్పుకోకపోతే వేరొకరికి మళ్లించే కంపెనీ. ఎంతవరకు వచ్చావు అని ఆప్యాయంగా అడిగే ఇంటివారు. డెలివరీ కుర్రవాడికి, అద్దె కారు డ్రైవరుకు ఫోన్ విలాసవస్తువు కాదు, కూడు పెట్టే సాధనం. వారిని ఫోన్ చూడవద్దని చట్టం శాసిస్తుంది, చూడకపోతే కూలి పోతుందని కంపెనీ శాసిస్తుంది. వాహనం కదులుతున్నంతసేపు ఆర్డర్లు పంపని ఏర్పాటు సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. ఆ బాధ్యతను కంపెనీల మీద పెట్టే నిబంధన రావాలి. తెలంగాణ ఆర్టీసీ 2025 సెప్టెంబరులో కొన్ని డిపోల్లో ప్రయోగాత్మకంగా, విధుల్లో ఉన్న డ్రైవర్ల వెంట ఫోన్ లేకుండా చూసే ఏర్పాటును ప్రారంభించింది. అత్యవసరమైతే ఇంటివారు డిపోకు కబురు చేసే సౌకర్యం కూడా తోడైతేనే ఇటువంటి ఏర్పాటు మానవీయంగా ఉంటుంది. ఆ పాటి క్రమశిక్షణ ప్రైవేటు బస్సులకు, బడి బస్సులకు ఎందుకు వర్తించరాదు?

పట్టుదల ఉంటే ఫలితం ఉంటుందనడానికి ముంబాయి-పుణె మార్గమే సాక్ష్యం. 2016లో ఆ మార్గాన్ని మరణాలు లేని మార్గంగా మార్చాలన్న లక్ష్యంతో మహారాష్ట్ర అధికారులు, ఒక స్వచ్ఛంద సంస్థ కలిసి పనిచేయడం ప్రారంభించారు. ప్రతి ప్రమాదాన్ని పరిశీలించి, రక్షణ కంచెలు సరిచేసి, ఆగిన వాహనాలను తొలగించి, నిఘా పెంచి, క్షతగాత్రులను త్వరగా ఆసుపత్రికి చేర్చే ఏర్పాటు చేశారు. తరువాతి సంవత్సరాల్లో అక్కడ మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఆ మార్గానికి చవాన్ పేరు 2009లోనే పెట్టారు. మరణాలు తగ్గింది పేరు పెట్టినప్పుడు కాదు, పని మొదలుపెట్టినప్పుడు. దీనికి భిన్నంగా, థాకరే పేరు పెట్టుకున్న సమృద్ధి మార్గం మీద 2023 జూలై 1న బుల్ధానా జిల్లాలో బస్సు మంటల్లో చిక్కుకుని 25 మంది సజీవ దహనమయ్యారు. నున్నని తిన్నని దారి మీద గంటల తరబడి నడిపే డ్రైవరు మనసు మొద్దుబారిపోవడం గురించి ఆ తరువాతనే నిపుణులు గట్టిగా మాట్లాడారు. పరధ్యానానికి ఫోన్ ఒక్కటే కారణం కాదని, అలసట, విశ్రాంతి లేమి కూడా దానికి తోబుట్టువులని ఆ చర్చ గుర్తుచేసింది.

ఈ అనుభవాలన్నింటి వెలుగులో స్మారక రహదారి ఎలా ఉండాలన్నది స్పష్టమవుతుంది. హైదరాబాదు-విజయవాడ మధ్య 65వ నెంబరు జాతీయ రహదారి మీద గాని, కోల్‌కతా-చెన్నై మధ్య ఆంధ్రప్రదేశ్ మీదుగా సాగే 16వ నెంబరు రహదారి మీద గాని, ప్రమాదాలు ఎక్కువగా జరిగే ఇరవై ముప్పై కిలోమీటర్ల భాగాన్ని తొలుత ఎంచుకోవచ్చు. దానికి ఏ నాయకుని పేరు గాని, ఏ ఒక్క కుటుంబం పేరు గాని అక్కరలేదు. ఏమరుపాటుకు బలైనవారందరి పేర అది ఉండాలి. పేరు విషయంలో కులం, పార్టీ, ప్రాంతం తగాదాలకు అప్పుడు తావుండదు. మృతుల పేర్లు చెక్కిన శిల ఉండవలసింది రోడ్డు పక్కన కాదు. బండి ఆపి, దిగి, తీరికగా చూడగలిగే విశ్రాంతి స్థలంలో ఉండాలి. కుటుంబాల సమ్మతితోనే ఆ పేర్లు చెక్కాలి. రోడ్డు మీది ఫలకం చిన్నదిగా, ఒక్క మాటతో, ఒక్క చూపులో చదివేలా ఉండాలి.

అంతకు మించి, ఆ పేరు ప్రభుత్వానికి ఒక బాధ్యతను తెచ్చిపెట్టాలి. ఆ మార్గంలో పది పదిహేను కిలోమీటర్లకు ఒకచోట బండి ఆపుకునే స్థలం, ప్రకటన బోర్డుల నిషేధం, ఫోన్ వాడకాన్ని పట్టే కెమెరాలు, ప్రతి ప్రాణాంతక ప్రమాదంలో ఫోన్ వివరాలను చట్టబద్ధంగా పరిశీలించే పద్ధతి తప్పనిసరి చేయాలి. ఏటా నవంబరు మూడవ ఆదివారాన్ని రోడ్డు ప్రమాద మృతుల సంస్మరణ దినంగా పాటించాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2005లో పిలుపునిచ్చింది. జనవరిలో జరిపే రోడ్డు భద్రతా ఉత్సవాల ర్యాలీలు, బెలూన్ల కంటె ఆ ఆదివారమే మనకు అవసరం. ఆ రోజున జిల్లా కలెక్టరు, పోలీసు సూపరింటెండెంటు, రహదారుల సంస్థ అధికారి ఆ స్మారకం వద్దకు వచ్చి, బాధిత కుటుంబాల సమక్షంలో, గడచిన ఏడాది ఆ మార్గంలో ఎంతమంది మరణించారో, ఏ కారణంతో మరణించారో, నివారణకు ఏమి చేశారో చదివి వినిపించాలి. పుష్పగుచ్ఛం పెట్టి వెళ్లిపోయే వీలు వారికి ఇవ్వకూడదు.

2024 డిసెంబరులో లోక్‌సభలో మాట్లాడుతూ కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ, రోడ్డు ప్రమాదాలపై అంతర్జాతీయ సదస్సులకు వెళ్లినప్పుడు తాను ముఖం దాచుకోవలసి వస్తున్నదని అంగీకరించారు. ప్రమాదాలను సగానికి తగ్గిస్తామన్న లక్ష్యం నెరవేరకపోగా అవి పెరిగాయని కూడా ఆయన చెప్పారు. మంత్రి నిజాయితీని మెచ్చుకోవలసిందే. అయితే విదేశీ ప్రతినిధుల ఎదుట ముఖం దాచుకోవడం కంటె, బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎదుట నిలబడి లెక్క చెప్పడం కష్టం. ప్రభుత్వాలను ఆ కష్టానికి అలవాటు చేయగలిగితే స్మారక రహదారి సార్థకమవుతుంది.

పౌరుల పాత్ర కూడా తక్కువేమీ కాదు. రోడ్డు మీద ఉన్న మనిషికి ఫోన్ చేసినప్పుడు, బండి నడుపుతున్నావా అని మొదట అడిగి, అవునంటే వెంటనే పెట్టేయడం ఎవరికైనా సాధ్యమే. దానికి చట్టం అక్కరలేదు, బడ్జెటు అక్కరలేదు, తీర్మానం అంతకన్నా అక్కరలేదు. చెప్పవలసిన మాట ఎంత ముఖ్యమైనదైనా, మనిషి ఇల్లు చేరాక చెప్పవచ్చు. ఇల్లు చేరని మనిషికి ఏ మాటా చెప్పలేం.